ఇసుక దిబ్బలు: పుట్టుక, పోకడ

తడ గ్రామానికి తూర్పుగా వెళ్లి భీమునివారిపాలెం రేవులో నిలుచుంటే కనుచూపు మేర పులికాటు సరస్సే కనబడుతుంది. ఆ నీరు ఉప్పు. సరస్సుకు ఆవలి గట్టున ఉన్నది శ్రీహరికోట దీవి. దీవికి ఆవల బంగాళాఖాతం. ఆ నీరు మరింత ఉప్పు. ఈ రెండు ఉప్పునీళ్ల నడుమ పడివున్న ఇసుక నేలలో కొద్ది అడుగుల గుంట తీస్తే తియ్యని నీరు ఊరుతుంది. మన తీరపు పల్లెలలో ఇట్టి గుంటలను దొరువులు అంటారు. సరస్సుకు ఉత్తరపు మొగ ఉన్న చోటికి రాయదొరువు అని పేరు. ఆ పేరులోనూ ఈ మాటే వినిపిస్తున్నది.

ఇసుక నుండి తైలం తీయడం అసాధ్యమని మనవారు సామెతగా చెప్పుకుంటారు. తైలం సంగతి ఏమైనా, నీరు మాత్రం తీయవచ్చునన్నమాట. ఆ నీరు ఎక్కడిది? ఇసుక దానిని ఎట్లా దాచిపెడుతున్నది? దీనికి సమాధానం కావాలంటే ముందు ఆ ఇసుక అక్కడికి ఎట్లా చేరింది, దిబ్బగా ఎట్లా నిలిచింది, ఎన్నాళ్లు నిలుస్తుంది అనే సంగతులు తెలుసుకోవాలి. ఇసుక దిబ్బ అంటే ఎందుకూ కొరగాని కుప్ప అనే అభిప్రాయం మనలో చాలామందికి ఉన్నది. ఆ అభిప్రాయం సరికాదని చూపడమే ఈ ప్రసంగంలో మా ఉద్దేశం. తడ ప్రాంతం 2022 ఏప్రిల్ నుండి పాలనరీత్యా తిరుపతి జిల్లాలో చేరినది. అయినా నెల్లూరు తీరమనే వ్యవహారం మారలేదు. మేమూ ఆ పేరే వాడుతున్నాము.

ఇసుక మొదట కొండల సొత్తు. ఎండకు, వానకు శిల పగిలి, వాగులలో దొర్లి, నదులలో అరిగి, చివరకు సముద్రం చేరుతుంది. మెత్తని పాళ్లు బురదగా దూరం కొట్టుకొనిపోతాయి. గట్టిదైన స్ఫటికం మాత్రం రేణువులుగా మిగులుతుంది. ఈ భాగాన పెన్న, స్వర్ణముఖి ఇసుకను సముద్రానికి తెస్తున్నవి. కాళంగి, ఆరణి నదులు పులికాటు సరస్సులో కలుస్తున్నవి.

సముద్రం చేరిన ఇసుక పడినచోటనే పడివుండదు. నైరుతి ఋతుపవన కాలంలో అలలు దక్షిణం నుండి ఏటవాలుగా తీరాన్ని తాకి ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య ఋతుపవన కాలంలో ఆ నడక దక్షిణానికి తిరుగుతుంది. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే మన తీరాన ఉత్తరపు నడకే ఎక్కువ. ఇందుకు నిదర్శనం చెన్నపట్టణంలోనే ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్ది చివరి పాదంలో అక్కడ సముద్రంలోకి రాతిగోడలు కట్టి ఓడరేవు నిర్మించారు. దక్షిణం నుండి నడచివస్తున్న ఇసుక ఆ గోడల వద్ద ఆగిపోయింది. రేవుకు దక్షిణాన మెరీనా విశాలమైనది; ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక తీరాన్ని సముద్రం కోసివేసింది. ఒకచోట పెరిగిన తీరం మరొకచోట తరిగిన తీరమే.

అలలు ఒడ్డున వేసిన ఇసుక ఎండలో ఆరగానే గాలి చేతికి చిక్కుతుంది. తడి ఇసుక ఎగరదు. రేణువుల మధ్యనున్న నీరు వాటిని అంటిపెట్టుకొని ఉంటుంది. మన దక్షిణ కోస్తాలో వానలు ముఖ్యంగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తాయి. కనుక వానలు వెనుకపట్టిన తరువాత వచ్చే పొడి మాసాలలో, మధ్యాహ్నం వేళ సముద్రపు గాలి లేచినప్పుడు, ఇసుక లోపలికి ప్రయాణం చేస్తుంది. నైరుతి కాలపు పడమటి గాలి అందులో కొంత భాగాన్ని తిరిగి సముద్రం వైపునకు తోలుతుంది. ఈ రాకపోకలలో మిగిలినదే దిబ్బకు మూలధనం.

గాలి ఇసుకను మోసే తీరు కొంత విచిత్రమైనది. ధూళి వలె ఇసుక గాలిలో తేలిపోదు. గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగం వచ్చేవరకు పొడి ఇసుక సైతం కదలదు. ఆ హద్దు దాటగానే ఒక రేణువు పైకి లేచి, గాలి తోపుకు ముందుకు సాగి, ఏటవాలుగా నేల మీద పడుతుంది. పడిన దెబ్బకు తానైనా మళ్లీ గంతు వేస్తుంది, లేదా ప్రక్కనున్న రేణువులను ఎగురగొడుతుంది. అవి మరికొన్నింటిని లేపుతాయి. గంతు వేయలేని పెద్ద రేణువులు ఈ దెబ్బలకు నేల మీద ప్రాకుతూ ముందుకు జరుగుతాయి. కదిలే ఇసుకలో సుమారు నాలుగో వంతు ఇట్లా ప్రాకేదే. గాలి వీచేవేళ ఇసుకలో నడిచేవారికి పిక్కలు చురుక్కుమనడం, ముఖానికి అంతగా తగలకపోవడం అనుభవమే గదా! ఇసుక గంతులు అధికంగా మోకాలెత్తు లోపునే సాగడం ఇందుకు కారణం.

ఈ విషయాన్ని శాస్త్రంగా కూర్చినవాడు రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే ఆంగ్లేయ సైనిక ఇంజనీరు. ఆయన లిబియా ఎడారిలో మోటారు కార్ల మీద తిరిగి దిబ్బలను చూశాడు. లండనుకు వచ్చి గాలి సొరంగం కట్టి ఇసుకను పరీక్షించాడు. 1941లో గ్రంథం ప్రకటించాడు. గంతు వేసే రేణువు తనకంటె 200 రెట్లకు పైగా బరువున్న రేణువును సైతం కదిలించగలదని ఆయన లెక్క కట్టాడు. ఆయన చెప్పిన మరొక సంగతి ఇంకా ముఖ్యమైనది. హద్దు దాటిన పిమ్మట గాలి వేగం రెట్టింపైతే అది మోసే ఇసుక రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లవుతుంది. కనుక ఒక్కరోజు పెనుగాలి చేసే పనిని పిల్లగాలి చాలా రోజులకు గాని చేయలేదు. దిబ్బ రూపు మారడం దినదినం సమానంగా సాగే పని కాదు.

ఈ సూత్రాలు భూమికే పరిమితం కావు. అంగారక గ్రహం మీద క్యూరియాసిటీ అనే యంత్రం 2015 చివర దగ్గరగా పరిశీలించిన ఇసుక దిబ్బలకు బాగ్నాల్డ్ పేరే పెట్టారు. ఆ గ్రహాన్ని చూడడానికి మన మంగళయాన్ 2013 నవంబరు 5న బయలుదేరినది తడకు ఎదురుగా ఉన్న శ్రీహరికోట ఇసుక మీది నుండే.

ఇక దిబ్బ ఎట్లా లేస్తుందో చూద్దాము. ఇసుకతో సాగే గాలికి ఒక రాయో, మొద్దో, గడ్డిదుబ్బో అడ్డం వచ్చిందనుకుందాము. అడ్డం చాటున గాలి వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన గాలి తన బరువు అక్కడ దించుతుంది. దించిన ఇసుక తానే మరింత అడ్డమవుతుంది. అందుచేత దిబ్బ పుట్టడం కష్టం గాని, పుట్టిన తరువాత పెరగడం సులభం. గాలికి ఎదురుగా ఉన్న వైపు వాలు మెల్లగా, 10 నుండి 15 డిగ్రీల వరకు ఉంటుంది. గాలి చాటున ఉన్న వైపు నిటారుగా, 30 నుండి 34 డిగ్రీల వరకు ఉంటుంది. అంతకుమించి నిటారైతే ఇసుక జారిపోతుంది. కళ్లంలో ధాన్యం రాశి పోసేటప్పుడు ఒక హద్దు వరకు ఎత్తు పెరిగి, ఆ తరువాత గింజలు ప్రక్కలకు జారడం రైతులకు తెలిసినదే.

గాలి ఎదుటి వైపు ఇసుకను శిఖరం మీదికి తోలుతుంది. అది చాటు వైపునకు జారుతుంది. వెనుక తరిగి ముందు పెరగడం వల్ల దిబ్బ మొత్తం నడుస్తుంది. చిన్న దిబ్బ వేగంగా, పెద్ద దిబ్బ నెమ్మదిగా నడుస్తుంది. పెద్దదానికి కదలవలసిన ఇసుక ఎక్కువ గదా! ఈ నడకను చూడడానికి రాజస్థానం దాకా పోనక్కరలేదు. అనంతపురం జిల్లాలోని బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతాలలో హగరి అని పిలిచే వేదవతీ నది ఇసుక గాలికి లేచి దిబ్బలై పొలాల మీదికి వస్తున్నది. సేద్యపు భూమి ఇసుక క్రింద పడిన రైతుకు దిబ్బ నడక వింత కాదు, విపత్తు.

సముద్ర తీరపు దిబ్బ మాత్రం సాధారణంగా ఇట్లా నడవదు. దానిని పట్టి నిలిపేది మొక్క. ఒడ్డున పోటు నీరు చేరే గీతకు కొంచెం పైన ముందుగా ప్రాకేది ఊదారంగు పూల తీగ. మేక గిట్టవలె చీలిన ఆకులు దాని గుర్తు. దానిని బాలబంది తీగ అనీ, చెవులపిల్లి తీగ అనీ పిలుస్తారు. దానికి తోడు సూదులవంటి మొనలుగల ఇసుక గడ్డి. తమిళులు దానిని రావణుని మీసం అంటారు. ఇతర మొక్కలను ఇసుక కప్పితే అవి చస్తాయి. ఈ రెండూ కప్పినకొద్దీ పైకి లేచి, కణుపు కణుపునా కొత్త వేళ్లు దించుతాయి. గాలి ఇసుక తెస్తుంది, తీగ దానిని పట్టుకుంటుంది, పట్టుకున్నంత మేరకు తానూ ఎత్తు పెరుగుతుంది. జానెడు ఎత్తు కుప్పలు ఒకదానితో ఒకటి కలసి, తీరం పొడవునా సాగే ముందు దిబ్బగా ఏర్పడతాయి.

ముందు దిబ్బకు సముద్రం వైపున మరొక దిబ్బ లేచినప్పుడు పాతదానికి కొత్త ఇసుక అందదు. ఉప్పు తుంపరలు తగ్గుతాయి. రాలిన ఆకు కుళ్లి కొంత సారం చేరుతుంది. అప్పుడు మొగలి, తాటి, ఈత వస్తాయి. ఇంకా లోపలికి పోతే నేరేడు, పాల వంటి వృక్షాలు పెరిగిన అడవి అవుతుంది. ఆకు రాల్చని ఇట్టి పొడినేల అడవి మిగిలిన కొద్దిచోట్లలో శ్రీహరికోట ఒకటి. ఒకప్పుడు ఈ దీవి నుండి వంటచెరకు బకింగ్‌హామ్ కాలువ పడవలలో చెన్నపట్టణానికి పోయేది. ఒడ్డు నుండి అడవి వరకు నడచినవాడు కొద్ది దూరంలోనే ఎన్నో శతాబ్దాల మార్పును వరుసగా చూస్తాడు. అదంతా మొదట తీగ పట్టిన ఇసుకే.

ఈ కాలాన్ని కొలవడం సాధ్యమా అని పాఠకులు అడుగవచ్చును. సాధ్యమే. సుమారు ఆరేడు వేల సంవత్సరాల క్రితం సముద్రమట్టం ఇంచుమించు నేటి స్థాయికి చేరినది. ఆ తరువాతనే అలలు, గాలి కలసి తీరం పొడవునా ఇసుక కట్టలు వేయడం, వాటి వెనుక ఉప్పుటేరులు, సరస్సులు చిక్కుపడడం సాగినది. శ్రీహరికోట ఇసుక కట్ట వెనుక చిక్కినదే పులికాటు. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలుక తరువాత ఇదే పెద్దది. ఏ కట్ట ఎప్పటిదో తేల్చడానికి 1985లో ఒక పద్ధతి వెలువడినది. మట్టిలో పూడిన స్ఫటిక రేణువు చుట్టూ ఉన్న సహజ కిరణాల శక్తిని కొద్దికొద్దిగా కూడబెట్టుకుంటుంది. ఎండ తగలగానే ఆ నిలువ ఖాళీ అవుతుంది. కనుక చీకటిలో రేణువును తీసి, ప్రయోగశాలలో దాని మీద వెలుగు ప్రసరింపజేసి, అది విడిచే కాంతిని కొలిస్తే ఆ రేణువు చివరిసారి ఎండ చూసినది ఎప్పుడో చెప్పవచ్చును. ఇక మిక్కిలి పాతబడిన దిబ్బలలో ఇసుకకు ఇనుము తుప్పు పొర పట్టి ఎరుపెక్కుతుంది. విశాఖపట్నం, భీమునిపట్నం నడుమనున్న ఎర్రమట్టి దిబ్బలు అట్టివి. తెల్లని ఇసుక పసిప్రాయమైతే, ఎర్రని ఇసుక ముదిమి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. దిబ్బ ఇసుకలో నూరు పాళ్లకు 35 నుండి 40 పాళ్లు ఖాళీ జాగాయే. వాన కురిసినప్పుడు నీరు పైన పారకుండా నేరుగా లోపలికి ఇంకుతుంది. క్రింద సముద్రపు ఉప్పునీరు ఉన్నది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందువల్ల ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద ఓడవలె తేలుతుంది; ఓడవలెనే కొద్ది భాగం పైకి, అధిక భాగం క్రిందికి ఉంటుంది. పంతొమ్మిదవ శతాబ్ది చివర హాలండులో బాడన్ గైబెన్, 1901లో జర్మనీలో హెర్జ్‌బర్గ్ ఈ లెక్కను విడివిడిగా తేల్చారు. మంచినీటి మట్టం సముద్రమట్టం కంటె ఒక అడుగు ఎత్తుగా ఉంటే, దాని క్రింద సుమారు 40 అడుగుల లోతు వరకు మంచినీరు ఉండగలదు. తడ తీరపు ఇసుకలో దాగివున్న తియ్యని నీటి రహస్యం ఇదే.

ఈ లెక్కలోనే ఒక హెచ్చరిక కూడా ఉన్నది. పైమట్టం ఒక అడుగు తగ్గితే క్రింది ఉప్పునీరు కాలక్రమాన 40 అడుగులు పైకి రాగలదు. దొరువును లోతు లేకుండా, వెడల్పుగా తవ్వి, ముంతతో తోడుకున్న మన పూర్వులు ఈ సూత్రం చదువుకోలేదు. కాని దానిని పాటించారు. వారు పైపై నీటిని మాత్రమే తీసుకున్నారు. అదే చోట లోతుగా గొట్టం దించి మోటారుతో లాగితే, నీరు కొన్నాళ్లు ధారాళంగా వచ్చి, ఆ తరువాత ఉప్పెక్కుతుంది. ఒకసారి ఉప్పెక్కిన చోట తిరిగి తియ్యదనం రావడానికి ఎన్నో వానకాలాలు పడుతుంది. దిబ్బనే తవ్వి చదును చేస్తే నీటిని ఎత్తున నిలిపే పాత్రే పోతుంది.

దిబ్బ చేసే రెండవ మేలు రక్షణ. తుపాను వేళ ఉప్పెన అలలు ముందు దిబ్బను కోస్తాయి. కోసిన ఇసుక తీరానికి ఎదురుగా నీటిలో పరచుకొని, తరువాతి అలల బలాన్ని విరుస్తుంది. సముద్రం శాంతించిన పిమ్మట అలలు ఆ ఇసుకను మెల్లగా తిరిగి ఒడ్డుకు చేరుస్తాయి. గాలి దిబ్బకు చేరుస్తుంది. దిబ్బ రాతిగోడవలె ఎదురు నిలువదు. తాను కరగి ఊరిని కాపాడుతుంది, తరువాత కోలుకుంటుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఎత్తయిన దిబ్బలు చెక్కుచెదరకుండా ఉన్నచోట వాటి వెనుక నష్టం తగ్గినది. దారుల కొరకు, కట్టడాల కొరకు దిబ్బను తెంచినచోట నీరు ఆ గండి గుండానే లోనికి దూసుకొనివచ్చినది.

ఇసుక అన్నిచోట్లా మేలే చేస్తుందని చెప్పడం న్యాయం కాదు. తీరం వెంట నడిచే ఆ ఇసుకే సరస్సు మొగలకు అడ్డంగా మేట వేస్తుంది. ఉత్తరాన రాయదొరువు వద్ద, దక్షిణాన పులికాటు పట్టణం వద్ద మొగలు పూడడం జాలరుల చిరకాలపు కష్టం. మొగ పూడితే సముద్రపు పోటు లోపలికి రాదు. రొయ్య పిల్ల, చేప పిల్ల సరస్సు చేరవు. ఎండాకాలంలో నీరు ఇంకి మేరలు బీటలువారుతాయి. ఇరకం, వేనాడు వంటి దీవుల వారికి అప్పుడు పడవ సాగడమే కష్టమవుతుంది. కాళంగి వంటి నదుల వరద వేగంగా వచ్చిన ఏడాది మొగ తనంత తాను తెగుతుంది. వరద తగ్గితే మళ్లీ పూడుతుంది. పూడిక తీసినా అది ఒకసారితో తీరే పని కాదు. ఇసుక నడక ఆగదు కనుక మనిషి పని కూడా ఏటేటా సాగవలసినదే. ఇసుక దిబ్బ మీద నిలిస్తే మిత్రము, మొగలో నిలిస్తే ఇబ్బంది. దేనిని ఎక్కడ కదిలించాలో, ఎక్కడ కదిలించకూడదో తెలుసుకోవడమే వివేకం.

దిబ్బకు చేటు పెద్ద పనులతోనే రానక్కరలేదు. పశువులు ఒకే దారిన రోజూ దిగినా, బండ్లు శిఖరం మీదుగా పోయినా, వంటచెరకు కొరకు తీగ వేళ్లతో పెరికినా అక్కడ ఇసుక బయటపడుతుంది. గాలి ఆ పుండును తొలిచి గండి చేస్తుంది. పట్టువిడిచిన ఇసుక ఇళ్ల మీదికి, పొలాల మీదికి నడక సాగిస్తుంది. నిలకడగల తీరపు దిబ్బ ఎడారి దిబ్బ అయ్యేది ఇట్లాగే. రొయ్యల చెరువుల కొరకు దిబ్బ చదును చేస్తే నష్టం రెండు విధాలు: గోడ పోతుంది, చెరువు ఉప్పు దొరువులోకి ఊరుతుంది.

ప్రభుత్వం ఈ సంగతిని గుర్తించకపోలేదు. 1991 ఫిబ్రవరి 19న వెలువడిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన ఇసుక దిబ్బలను చెక్కడం, రూపు మార్చడం నిషేధించినది. 2019లో వచ్చిన ప్రకటన కూడా దిబ్బలను అన్నిటికంటె గట్టి రక్షణగల మొదటి తరగతిలోనే ఉంచినది. కాని చట్టం కాగితం మీద ఉంటుంది, దిబ్బ ఊరి చివర ఉంటుంది. ఊరివారు కాపాడితేనే అది నిలుస్తుంది. చేయవలసినవి కూడా కష్టమైన పనులు కావు. సముద్రానికి పోయే దారిని దిబ్బకు అడ్డంగా సూటిగా కోయకుండా వంకరగా వేయడం. గండి పడినచోట తాటాకు దడి కట్టి ఇసుకను నిలపడం. వానలకు ముందు బాలబంది తీగ ముక్కలు నాటడం. నీటిని పైపైన తోడుకొని లోతుకు పోకుండా ఉండడం. ఇంతే.

దడి కట్టిన ఏడాదిలోనే దాని చాటున జానెడు ఇసుక చేరడం చూడవచ్చును. తీగ దానిని పట్టుకుంటే, వాన దానిలో ఇంకితే, మరికొన్నాళ్లకు అక్కడ దొరువు తీయవచ్చును. గాలి, మొక్క, వాన చేయవలసిన పని అవి చేస్తూనే ఉన్నవి. వాటికి అడ్డు రాకుండా ఉండడం మన వంతు.